ఖబర్దారు

మన కళాశాలలో ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ఒకే వరండాకు రెండు కొసలలో ఉన్నవి. ఒక మాట ఈ కొస నుండి ఆ కొసకు నడిచి వెళ్ళేలోపల వేషం మార్చుకొనడం మనకు క్రొత్త కాదు. 'ఖబర్దార్' అట్టి మాటలలో ఒకటి. ఖబర్ అనగా వార్త, ఎరుక. దార్ అనగా కలవాడు. సంగతి తెలిసినవాడు, మెలకువతో ఉన్నవాడు అని దాని మూలార్థం. ఉర్దూలోనూ గద్దించడానికి ఈ మాట వాడతారు గాని, మెలకువ అనే అర్థం అక్కడ ఇంకా బ్రతికే ఉన్నది. తెలుగులోకి వచ్చేసరికి గద్దింపు ఒక్కటే మిగిలింది. మీసం మెలివేసి, వ్రేలు చూపి అనే మాట అయింది. మన 'హెచ్చరిక' కూడా ఇంచుమించు అదే దారి పట్టింది. ఒకప్పుడు రాజు సభకు వచ్చే వేళ 'హెచ్చరిక' అని పలికేవారు; అది బెదిరింపు కాదు, శ్రద్ధగా ఉండుడని చెప్పడం. నేడు పోలీసువారి హెచ్చరిక అనగానే మనకు లాఠీ కనబడుతుంది.

గత విద్యాసంవత్సరాంతంలో పోలీసువారు మమ్మల్ని రోడ్డుమీద ఆపి ఒక హెచ్చరిక చేశారు. అది రెండు అర్థాలలో ఏ ఖబర్దారో నేటికీ తేల్చుకొనలేకపోయాము. ఈ వ్యాసం అందుకోసం వ్రాస్తున్నది.

జరిగిన సంగతి దాచకుండా చెప్పడం న్యాయం. వీడ్కోలు సభ ముగిసిన సాయంత్రం నాలుగు కార్లలో నెక్లెస్ రోడ్డుకు బయలుదేరాము. అందులో రెండు, రోజు అద్దెకు తెచ్చుకొని స్వయంగా నడుపుకొనేవి. ఒకటి ఒక మిత్రుని మామగారిది. నాలుగవదానికి మాత్రం వెనుక గొట్టం మార్చబడి ఉన్నది. ఆక్సిలరేటరు నొక్కి వదలిన ప్రతిసారీ తుపాకి ప్రేలినట్లు శబ్దం చేసేది. మేము రెండవ కారులో ఉన్నాము. పైకప్పు అద్దం తెరచి ఇద్దరు నడుము వరకు బయటికి వచ్చి నిలబడ్డారు. దారిలో ఒక ప్రసూతి ఆసుపత్రి ఉన్నది. దాని ముందరి సిగ్నలు వద్ద నాలుగు కార్లు ఒకదాని ప్రక్కన ఒకటి చేరి ఇంజన్లు గర్జింపజేశాయి. పచ్చదీపం పడగానే ఒక్కసారిగా దూకాయి. వంద గజాలు పోకముందే గస్తీ వాహనం అడ్డం వచ్చింది.

ఎస్.ఐ. గారు అడిగిన మొదటి ప్రశ్న "లైసెన్సు ఏది?" అని కాదు. "ఏ బస్తీ మీది?" అని. సమాధానం విన్న తరువాత ఆయన మాట తీరు మారిందని మాకు తోచింది. తోచడమేనా, నిజమా అన్నది మేము ప్రమాణం చేసి చెప్పలేము. కాని మా వెనుకనే అంతే శబ్దంతో, అంతే వేగంతో వచ్చిన మరొక పెద్ద కారును కూడా ఆపారు. అందులోని యువకుడు అద్దం కొంచెం దించి, సెల్‌ఫోన్ అందించాడు. రెండు నిమిషాలలో వెళ్ళిపోయాడు. మేము నలభై నిమిషాలు కాలిబాట మీద వరుసగా నిలబడ్డాము. మా ఫొటోలు తీశారు. చివరకు "మళ్ళీ కనబడితే చూడండి, ఏమవుతుందో" అని పంపివేశారు. చలాను లేదు, కాగితం లేదు, ఫలానా తప్పు చేశారన్న మాట కూడా లేదు.

అప్పుడే ఆసుపత్రి గేటులో నుండి ఒక పెద్దావిడ వచ్చింది. రోగుల వెంట వచ్చినవారు పడుకొనే షెడ్డు నుండి వచ్చి ఉంటుంది. చేతిలో స్టీలు టిఫిను డబ్బా ఉన్నది. మమ్మల్ని తిట్టలేదు. "అయిపోయిందా నాయనా? ఇక వెళ్ళిపోతారా?" అని మాత్రం అడిగింది. మాలో ఎవరమూ బదులు చెప్పలేదు.

ఆ రాత్రి మొదలుకొని నెల రోజులపాటు కాంటీనులో మేము చెప్పుకొన్నది ఎస్.ఐ. గారి ప్రశ్న గూర్చి, ఫోను అందించిన యువకుని గూర్చి. టిఫిను డబ్బా గూర్చి ఎవరమూ ఎత్తలేదు. రెండూ ఒకే సాయంత్రం జరిగినవే. ఒకటి మనకు జరిగిన అన్యాయం, మరొకటి మనం చేసినది. మొదటిదాని వెనుక రెండవదానిని దాచుకొన్నామని ఒప్పుకొంటే తప్ప ఈ చర్చ నిజాయితీగా సాగదు.

శబ్దం సంగతి ముందు చూద్దాం. ఇంజనులో ఇంధనం మండిన ప్రతిసారీ ఒక చిన్న విస్ఫోటనం జరుగుతుంది. ఆ వాయువు తోసుకొని బయటికి వచ్చే అలలను లోపలి గదులలో అటూ ఇటూ త్రిప్పి, ఒకదానితో ఒకటి కొట్టుకొనేటట్లు చేసి అణచడమే సైలెన్సరు పని. ఆ గదులను తీసివేసి తిన్నని గొట్టం పెడితే విస్ఫోటనం ఉన్నదున్నట్లు వీధిలోకి వస్తుంది. తుపాకి ప్రేలుడు వంటి శబ్దం మరొక తమాషా: మండని ఇంధనాన్ని కావాలని కాలుతున్న గొట్టంలోకి వదలి అక్కడ అంటుకొనేటట్లు చేస్తారు. మా మిత్రుని కారుకు గొట్టం మార్చిన మెకానిక్ ఉస్తాద్‌ను తరువాత కలిసి, దీనివల్ల బండికి బలం ఎంత పెరుగుతుందని అడిగాము. ఆయన నవ్వి, "బలం కాదు బాబా, పేరు పెరుగుతుంది" అన్నాడు. ఆ మాటకు మేమూ నవ్వాము గాని, పన్నెండు వేల రూపాయలు పెట్టి కొన్నది పేరేనా అని మా మిత్రుడు ఇంటికి వెళ్ళేవరకు ఆలోచిస్తూనే ఉన్నాడు.

మన దేశంలో క్రొత్త కారు కర్మాగారం నుండి వచ్చేటప్పుడు, నిర్ణీత పరీక్షలో దాని శబ్దం 74 డెసిబెల్స్‌కు మించరాదు. పెద్ద మోటారు సైకిలుకు 80. డెసిబెల్ లెక్క మామూలు కూడిక వంటిది కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది, చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు వరకు 45 మించరాదు. ఆసుపత్రి, విద్యాలయం, న్యాయస్థానం చుట్టూ వంద మీటర్లలోపు నిశ్శబ్ద మండలం: పగలు 50, రాత్రి 40. ఈ అంకెలు చదివితే నిజానికి మన నగరంలో ఏ వీధీ వీటికి లోబడి లేదని నవ్వు వస్తుంది. కాని ఆ నవ్వు మనకు సాకు కాజాలదు. సాధారణమైన రొద ఒకటి ఉన్నది, అది ఎవరో ఒకరి బ్రతుకుతెరువు: బస్సు, ఆటో, కొలిమి, బండి. దానికి అలవాటు పడి పసిబిడ్డ కూడా నిద్రపోతుంది. ఉన్నట్టుండి ప్రేలే శబ్దానికి ఎవరూ అలవాటు పడరు. మా ఇండ్ల వంటి ఇరుకు గల్లీలలో రెండు ప్రక్కల గోడలు ఆ శబ్దాన్ని పట్టుకొని వదలవు. నాలుగవ ఇంట్లో పరీక్షకు చదివేవాడు పుస్తకం మూస్తాడు; అయిదవ ఇంట్లో గుండె ఆపరేషను అయిన తాత లేచి కూర్చుంటాడు. మనకు ఉల్లాసం అర నిమిషం. వారికి ఆ రాత్రి తిరిగి నిద్ర ఉండదు.

వేగం గూర్చి ఎక్కువ చెప్పనవసరం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, కన్ను చూసినది కాలికి తెలిసేలోపల, అంటే ఒక క్షణంలో, దాదాపు 17 మీటర్లు పోతుంది. 90 అయితే 25 మీటర్లు. బ్రేకు పని ఆ తరువాతనే మొదలవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది మరణానికి అతివేగం కారణమని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. 2011 సెప్టెంబరులో మన నగరపు ఔటర్ రింగు రోడ్డు మీద వేయి సి.సి. మోటారు సైకిలు మీద వెళ్ళి ప్రాణాలు కోల్పోయిన ఇద్దరు బంధువుల వయస్సు 19, 16. ఆ వార్త వచ్చిన రోజున నగరంలో ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలగలేదో మా పెద్దలు నేటికీ చెబుతారు. ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు.

ఇక చట్టం. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, 2019లో సవరింపబడింది. సైలెన్సరును తప్పించి వాయువు వదలేవారికి 194-ఎఫ్ క్రింద మొదటిసారి వేయి రూపాయలు, తరువాత రెండు వేలు జరిమానా. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించే వాహనం నడిపితే 190వ సెక్షను క్రింద మూడు నెలల వరకు జైలు గాని, పదివేల వరకు జరిమానా గాని, రెండూ గాని. దానితోపాటు మూడు నెలలు లైసెన్సు రద్దు. బహిరంగ రహదారి మీద పందెం వేస్తే 189వ సెక్షను. మైనరు నడిపితే తండ్రికో సంరక్షకునికో మూడేండ్ల వరకు జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. ఆ పిల్లవానికి ఇరవై అయిదేండ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. శిక్షలకు కొదువ లేదు. కొదువ ఉన్నదల్లా శిక్షకూ ఊరకనే వదలివేయడానికీ నడుమ ఒక మెట్టు. చలాను వ్రాస్తే అది డబ్బు. కట్టగలవాడు కట్టి మరచిపోతాడు. చలాను వ్రాయకపోతే మిగిలేది నోటిమాట. ఆ నోటిమాటకు సాక్ష్యం లేదు, కాలపరిమితి లేదు. చెప్పిన అధికారి బదిలీ అయితే మాట కూడా బదిలీ అయిపోతుంది. వాహనాలు పట్టి, సైలెన్సర్లు ఊడదీసి, రోడ్డు రోలరు క్రింద వేసి నలుగగొట్టే దృశ్యాలు టి.వి.లో చూస్తున్నాము. చూడముచ్చటగానే ఉంటుంది. కాని రోలరు క్రింద నలిగేది ఇనుము. దానిని అమ్మిన దుకాణం మరునాడు తెరిచే ఉంటుంది.

ఆ నడుమ మెట్టును బ్రిటిషువారు తమ దేశంలో ఒక రకంగా కట్టుకొన్నారు. చట్టాలలో వారిని అనుకరించడం మనకు అలవాటే గనుక, దీనిని కూడా ఒకసారి పరిశీలించడం తప్పు కాదు. 2002లో వారు చేసిన పోలీసు సంస్కరణల చట్టంలో 59వ సెక్షను ఈ విషయానికి సంబంధించినది. యూనిఫారంలో ఉన్న కానిస్టేబుల్‌కు, ఒక వాహనం అజాగ్రత్తగా, ఇతరులను పట్టించుకొనకుండా నడుపబడుతున్నదనీ, దానివల్ల ప్రజలకు భయమో, బాధో, చిరాకో కలుగుతున్నదనీ నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. రెండూ ఉండాలి, ఒకటి చాలదు. శబ్దం ఎక్కువగా ఉన్నదని మాత్రమే, లేక కారు ఖరీదైనదని మాత్రమే ఈ సెక్షనును ప్రయోగించడానికి వీలు లేదు. అప్పుడు ఆయన వాహనాన్ని ఆపవచ్చు, స్వాధీనం చేసుకొనవచ్చు. కాని స్వాధీనం చేసుకొనే ముందు హెచ్చరించాలి. ఆ హెచ్చరికను ఖాతరు చేయకుండా అదే పని కొనసాగించినా, పన్నెండు నెలలలోపల మళ్ళీ చేసినా, అప్పుడు రెండవ హెచ్చరిక ఉండదు, వాహనం పోతుంది. విడిపించుకొనాలంటే లాగుకొనిపోయిన ఖర్చు, ఉంచిన ఖర్చు చెల్లించాలి.

ఇందులో మమ్మల్ని ఆకర్షించినది స్వాధీనం కాదు, ఆ పన్నెండు నెలలు. హెచ్చరికకు ఒక ఆయుర్దాయం ఉన్నది. దానిని వ్రాసి పెట్టుకొంటేనే పనికి వస్తుంది గనుక, వ్రాయక తప్పదు. వ్రాసినది గనుక ఎవరిని హెచ్చరించారో, ఎందుకు హెచ్చరించారో, తరువాత అడగవచ్చు. పన్నెండు నెలలు మర్యాదగా నడిపినవాడు మళ్ళీ క్రొత్తవాడవుతాడు. చెడిపోయిన పేరు మాపుకొనే అవకాశం చట్టమే ఇస్తున్నది. మూలార్థంలో ఖబర్దార్ అంటే ఇదే కదా: నీవు చేసినది ఇది, ఇక ముందు జరుగబోయేది ఇది, నీకు తెలియజేశాము.

అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని మేము అనడం లేదు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు అనే ఊరు ఉన్నది. ఉన్ని మిల్లులలో పనికి పాకిస్తాను నుండి, ముఖ్యంగా మీర్పూరు ప్రాంతం నుండి వెళ్ళినవారి మనుమలు నేడు అక్కడ యువకులు. మిల్లులు మూతబడ్డాయి, కార్లు వచ్చాయి. అద్దెకు తెచ్చిన శక్తివంతమైన కార్లలో వీధులలో వేగంగా, రొదగా తిరగడం అక్కడ పెద్ద సమస్య అయింది. 2016లో వెస్ట్ యార్క్‌షైర్ పోలీసువారు 'ఆపరేషన్ స్టీర్‌సైడ్' పేరిట ప్రమాదకరమైన డ్రైవింగు మీద ప్రత్యేక దాడులు మొదలుపెట్టారు. ఆ పని కావాలని కోరినవారిలో అదే వీధులలోని తల్లులు, తండ్రులు ఉన్నారని గుర్తుంచుకొనాలి. కారు క్రింద పడేది వారి పిల్లలే. అదే సమయంలో ఆ ఊరివారైన యూనిస్ ఆలం అనే అధ్యాపకుడు అక్కడి కార్ల సంస్కృతిని గూర్చి 2020లో ఒక గ్రంథం ప్రచురించారు. మంచి కారు నడిపే ఆసియా యువకుని చూడగానే, దానిని కొనే డబ్బు మాదకద్రవ్యాలదే అయి ఉంటుందని అనుకొనే దృష్టిని ఆయన చర్చించారు. కారు ఆ యువకులకు కేవలం వాహనం కాదు. కష్టించి సంపాదించాననీ, నేనూ ఒకడిననీ చెప్పుకొనే భాష. ఆ భాషను వినేవాడు నేరంగా వింటున్నాడు. ఇదంతా చదువుతూ ఉంటే మాకు మన వీధి కనబడింది.

ఇంతలో వారు వెనుకకు నడవడం కూడా మొదలుపెట్టారు. హెచ్చరిక అనేది అల్లరివారికి ఒకసారి ఉచితంగా అల్లరి చేసే టికెట్టు అయిందనే వాదన బలపడింది. 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు ఉంచిన నేరాలు, పోలీసు విధుల బిల్లులో, వాహనం స్వాధీనం చేసుకొనే ముందు హెచ్చరించవలసిన నియమాన్ని తొలగించాలనే ప్రతిపాదన చేర్చారు. ఆసుపత్రి గేటు వద్ద చూసిన పెద్దావిడను తలచుకొంటే ఆ ప్రతిపాదన మాకు అర్థమవుతుంది. మొదటి రాత్రి పోయిన నిద్రను రెండవ హెచ్చరిక తిరిగి తేదు. అయినా మేము దానిని సమర్థించలేము. హెచ్చరిక లేని స్వాధీనంలో కానిస్టేబుల్ కన్నే న్యాయస్థానం అవుతుంది. ఆ కన్ను మొదట "ఏ బస్తీ?" అని అడిగే కన్ను అయితే, కారు ఎవరిది పోతుందో, ఫోను అందించినవాడు ఎలా వెళ్ళిపోతాడో ఊహించడం కష్టం కాదు.

మన నగరానికి వద్దాం. 2015లో పాతబస్తీలో పోలీసువారు అర్ధరాత్రి తరువాత వీధి అరుగుల మీద కూర్చున్న యువకులను పట్టుకొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి, వారి ఎదుట నసీహత్ చెప్పి పంపేవారు. దానికి 'చబూత్రా' అని పేరు పెట్టారు. చాలామంది తల్లులు సంతోషించారన్నది నిజం. అబ్బాయి రాత్రి ఎక్కడ ఉన్నాడో ఎవరో ఒకరు అడిగారు కదా అని వారి సంతోషం. కాని చబూత్రా మీద కూర్చొనడం ఏ చట్టంలో నేరం? రెండు గదుల ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నవాడికి అరుగే డ్రాయింగు రూము. కూర్చున్నవానికీ, కారుతో గర్జిస్తూ దూసుకొనిపోయేవానికీ ఒకే స్వరంతో ఒకే ఉపన్యాసం చెబితే, కూర్చున్నవాడు తాను నేరస్థుడనని అనుకొంటాడు. దూసుకొనిపోయేవాడు తాను కూర్చున్నవానివంటి అమాయకుడనని అనుకొంటాడు. ఇద్దరూ వినరు. పోలీసువారి మాటకు ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంటుందని మేము అనుకొనము.

ఇక మనవైపు. మా గోష్ఠులలో వినవచ్చే సమాధానాలు మూడు నాలుగు ఉన్నవి. "జూబిలీ హిల్స్‌లో చేస్తే సరదా, మనం చేస్తే గూండాయిజమా?" అన్నది మొదటిది. ప్రశ్న న్యాయమైనదే. కాని దాని జవాబు, అక్కడా ఆపాలని. ఇక్కడ వదలివేయాలని కాదు. "బరాత్‌లో ఒక్కరోజు కదా" అన్నది రెండవది. మన బస్తీలో పెండ్లిళ్ళ కాలంలో ఆ ఒక్కరోజు వారానికి నాలుగుసార్లు వస్తుంది. "ఎవరికీ దెబ్బ తగలలేదు కదా" అనేవారికి పైన చెప్పిన 17 మీటర్ల లెక్క తప్ప మా వద్ద జవాబు లేదు. అందరికంటె గట్టిగా వినబడేది మాత్రం, "వాళ్ళు మనల్నే పట్టుకొంటారు" అన్నది. ఇది కొంతవరకు నిజమని మేమూ నమ్ముతున్నాము. పైన మా కథలో చెప్పాము కూడా. అయితే దానిని గట్టిగా అనగలిగే అర్హత ఎవరికి ఉన్నది? తప్పు చేయకుండా ఆపబడినవానికి ఉన్నది. అట్టివారు మన తరగతులలోనే ఉన్నారు: రాత్రి షిఫ్టులో డెలివరీ పని చేసి, తెల్లవారుజామున ఇంటికి వస్తూ మూడు చోట్ల సంచి విప్పి చూపవలసి వచ్చేవారు. మేము ప్రసూతి ఆసుపత్రి ముందు చేసిన ఘనకార్యం వల్ల వారి ఫిర్యాదు పలుచన అయింది. రేపు అదే ఎస్.ఐ. గారు డెలివరీ కుర్రవాణ్ణి ఆపినప్పుడు ఆయన మనస్సులో ఉండే బొమ్మ మాది. ఈ సంగతి ఒక సహాధ్యాయి మాకు నేరుగా చెప్పేదాకా మాకు తట్టలేదు. చెప్పినప్పుడు అతడు కోపంగా కూడా లేడు; డ్యూటీకి ఆలస్యమవుతున్నదని గడియారం చూసుకొంటున్నాడు.

కనుక పోలీసువారిని కోరవలసినది కోరుదాం. ఆపినప్పుడు ఒక చీటీ ఇవ్వండి. తేది, సమయం, స్థలం, వాహనం సంఖ్య, చేసిన తప్పు, హెచ్చరించిన అధికారి పేరు అందులో ఉండాలి. అది ఒక సంవత్సరం చెల్లుతుందని వ్రాయండి. సంవత్సరంలోపల మళ్ళీ చేస్తే చట్టం ప్రకారం చేయదగినదంతా చేయండి, మేము నోరు ఎత్తము. సెల్‌ఫోన్ అందించినవానికి కూడా అదే చీటీ ఇవ్వండి. వాహనం సంఖ్యను బట్టి చలాను ఇంటికి పంపగలిగే ఏర్పాటు ఉన్నప్పుడు, హెచ్చరికను అదే వరుసలో నమోదు చేయడం అసాధ్యమైన పని కాదని మాకు తోస్తున్నది. ఏ బస్తీ అనే ప్రశ్నకు ఆ చీటీలో గడి అవసరం లేదు.

కళాశాల కమిటీవారికి మా మనవి చిన్నది. మా సంగతి తెలిసిన తరువాత ప్రిన్సిపాలు గారు వీడ్కోలు సభనే ఎత్తివేయాలని ఆలోచించినట్లు విన్నాము. మా కారణంగా జూనియర్లకు సభ లేకుండా చేయడం శిక్షను ప్రక్కవానికి వేయడమే అవుతుంది. దానికి బదులు సభ నాడు గేటు వద్ద వాచ్‌మెన్ చేతికి ఒక రిజిస్టరు ఇవ్వండి. వచ్చే ప్రతి వాహనం సంఖ్య, నడిపేవాని పేరు, లైసెన్సు సంఖ్య అందులో వ్రాయించండి. గొట్టం మార్చిన బండిని లోపలికి రానీయవద్దు, అది కమిటీ సభ్యుల కుమారునిదైనా సరే. మా మిత్రుడు పాత సైలెన్సరును తిరిగి బిగించుకొన్నాడు; ఉస్తాద్ దానిని పారవేయకుండా అటక మీద దాచి ఉంచాడు. ఇట్లా తిరిగి వచ్చేవారు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారట.

ఆ ఆసుపత్రి ముందునుండి మేము ఇప్పటికీ రోజూ వస్తాము, బస్సులో. రిజిస్టరు ప్రారంభించిన రోజున మొదటి పుటలో వ్రాసుకొనడానికి ఆ నాలుగు కార్ల సంఖ్యలు, ఆ సాయంత్రం వాటిలో ఉన్నవారి పేర్లు కాగితం మీద వ్రాసి, సంతకాలు చేసి, ఈ వ్యాసంతోపాటు ఆఫీసులో ఇచ్చాము.